క్రియాటిన్ సర్వే: దరఖాస్తు నుంచి రిపోర్టు కార్డు దాకా

ఉద్దానంలో చాలామందికి తమ బీపీ ఎంతో తెలియకపోవచ్చు గానీ క్రియాటిన్ ఎంతో చెప్తారు. క్రియాటిన్ అంటే అక్కడివాళ్ల మాటలో క్రియాటినిన్, కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం. "మా ఆయనకి మూడు పాయింటు రెండు, మరిదికి ఐదు దాటీసింది" అంటారు, పిల్లల మార్కులు చెప్పినంత ఖచ్చితంగా. ఇదే కిడ్నీ జబ్బు శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసే కూలీలకూ ఉంది. షుగర్ లేకుండా, బీపీ లేకుండా, పనిచేసే వయసులోనే కిడ్నీలు పోతున్నాయి. ఒక్కోచోట ఒక్కో తీరుగా కొలిస్తే పోల్చడానికి లేదు కాబట్టి, పేద దేశాల్లోనూ ధనిక దేశాల్లోనూ ఒకే నియమావళితో కొలిచే అధ్యయనంలో మా బృందం శ్రీకాకుళం జిల్లా కవిటి, కంచిలి, సోంపేట మండలాల్లో కొన్ని పల్లెలు చూసింది. నాది ఫీల్డ్ సూపర్‌వైజర్ పని. దరఖాస్తు 2023 జనవరిలో, మళ్లీ చేసిన పరీక్షల కార్డులు పంచడం ముగిసింది 2024 ఆగస్టులో. ఇలాంటి సర్వేలో చేరబోయేవాళ్లకు ముందే తెలిసి ఉండాల్సినవి రాస్తున్నాను.

అనుమతులకే ఎనిమిది నెలలు పట్టింది. ముందు సంస్థలోని ఎథిక్స్ కమిటీ, పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసేది. మార్చిలో మొదటి సమావేశం, 14 ప్రశ్నలతో తిరుగుటపా, ఏప్రిల్ చివర్లో ఆమోదం. విదేశీ భాగస్వామ్యం ఉంది కాబట్టి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చూసే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీకి కూడా వెళ్లాలి. ఈ రెండోదానికి కావలసిన ఒప్పంద పత్రాలు, బడ్జెట్ వివరాలు ఎథిక్స్ ఆమోదం వచ్చేలోపే సిద్ధం చేసుకుని ఉంటే మాకు కనీసం ఆరు వారాలు మిగిలేవి. ఆ కమిటీ ఎక్కువగా అడిగింది రక్తం దేశం దాటుతుందా లేదా అని. దాటదు అని మేం మొదటే నిర్ణయించుకున్నాం. నమూనాలు బయటికి పంపే బదులు, విలువ ముందే తేల్చిన ప్రామాణిక సీరం (రక్తం గడ్డకట్టాక వేరుపడే ద్రవం) తెప్పించుకుని మన ల్యాబ్ మెషిన్‌ని దానితో సరిచూసుకోవడం మేలనుకున్నాం. క్రియాటినిన్‌కి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసే ఎస్ఆర్ఎం 967 ఇందుకే ఉంది.

డబ్బు దగ్గర ఊహించని చిక్కు వచ్చింది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, ఆ సొమ్ము అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదలాయించకూడదు. ఊళ్లలో ఏళ్లుగా పనిచేస్తున్న చిన్న స్వచ్ఛంద సంస్థకు ఇంటింటి సర్వే అప్పగిద్దామన్న ఆలోచన అక్కడే ఆగిపోయింది. ఫీల్డ్‌లో తిరిగేవాళ్లందరినీ నేరుగా ఉద్యోగంలోకి తీసుకోవాల్సివచ్చింది. బడ్జెట్ మళ్లీ రాసేసరికి జూలై అయింది.

ఆ ఖాళీలో ప్రశ్నాపత్రం తెలుగు చేశాం. ఇంగ్లీషు నుంచి తెలుగుకి ఒకరు, ఆ తెలుగు మాత్రమే చూసి తిరిగి ఇంగ్లీషుకి ఇంకొకరు, రెండూ పక్కపక్కన పెట్టి సరిచూడటం. కాగితం మీద అంతా సరిపోయింది. కవిటి దగ్గర ఒక ఊళ్లో ఇరవై ఇళ్లలో అడిగి చూస్తే సరిపోలేదు. "మీకు రక్తపోటు ఉందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా?" అన్న ప్రశ్నలో రెండు మాటలు పనిచేయలేదు. రక్తపోటు అని అక్కడ ఎవరూ అనరు, బీపీ అంటారు. డాక్టర్ అంటే ఊరి ఆర్ఎంపీ కూడా డాక్టరే. దాంతో "ఎవరు చెప్పారు, ఎక్కడ చూపించుకున్నారు" అని ఇంకో ప్రశ్న చేర్చాం. పొగాకు ప్రశ్న ఇంకా కష్టపెట్టింది. రోజుకు ఎన్ని అని సిగరెట్ల లెక్క అడుగుతుంది అది. ఇక్కడ పెద్దవాళ్లు చుట్ట సగం కాల్చి ఆర్పి దాచుకుని, సాయంత్రం మళ్లీ ముట్టిస్తారు. కాలే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలూ ఉన్నారు. చివరికి వారానికి ఎన్ని చుట్టలు కొంటారని అడిగి ఏడుతో భాగించాం.

నొప్పి మాత్రల ప్రశ్న కిడ్నీ సర్వేలో చాలా ముఖ్యం. పేరు అడిగితే "తెల్ల బిళ్ళ" అంటారు. "ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకసారి తెండమ్మా" అంటే సంచి తెచ్చి బల్ల మీద పోస్తారు. స్ట్రిప్పు ఫొటో తీసుకుని పేరు మేం రాసుకున్నాం. ఈ ఒక్క మార్పుతో "తెలియదు" అన్న జవాబులు బాగా తగ్గాయి. ఖాళీ సమయంలో చేసే వ్యాయామం గురించి అడిగితే చాలామంది నవ్వారు. జీడితోటలో, కొబ్బరి దింపుళ్లలో, చేపల వేటలో గడిచే రోజుకి ఖాళీ సమయం అన్న గడి అతకలేదు. ఎండలో ఎన్ని గంటలు, ఎన్నిసార్లు నీళ్లు తాగారు, ఆ నీళ్లు బోరువా కుళాయివా అని విడిగా రాసుకున్నాం.

వయసు కూడా జాగ్రత్త. ఆధార్‌లో చాలామంది పుట్టినరోజు జనవరి 1. కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రంలో వయసు ఉంటుంది, పదేళ్లు తేడా వస్తే ఫలితం 6 నుంచి 7 శాతం మారిపోతుంది. పెద్ద పిల్లవాడి వయసు, పెళ్లి అయిన ఏడాది, తుఫాను సంవత్సరం అడిగి సరిచూసుకోవడం అలవాటు చేశాం. 1999 సూపర్ సైక్లోన్ ఒడిశాలో తీరం దాటినా ఇచ్ఛాపురం వైపు అందరికీ గుర్తే.

అక్టోబరులో అయిదు రోజుల శిక్షణ. అందులో రెండు రోజులు బీపీకే పోయాయి, అదీ చాలలేదు. మెషిన్ బటన్ నొక్కితే అంకె వస్తుంది, నిజమే. అంతకుముందు చేసే పనుల్లోనే తప్పు జరుగుతుంది. మూత్రం వస్తున్నా ఆపుకుని కూర్చుంటే బీపీ పెరుగుతుంది. కాలు మీద కాలేసుకున్నా, మాట్లాడుతున్నా, వీపుకి ఆనిక లేకపోయినా, చేయి గుండె ఎత్తుకన్నా కిందికి వేలాడినా పెరుగుతుంది. మంచం మీద కూర్చోబెడితే ఈ చివరి రెండూ తప్పవు. అందుకే ప్రతి బృందానికీ మడత కుర్చీ ఒకటి, చేయి ఆనించడానికి ఎత్తు సరిచేసుకునే చిన్న బల్ల ఒకటి ఇచ్చాం. చేతి చుట్టుకొలత టేపుతో కొలిచి, దానికి తగ్గ పట్టీ వేయాలి. పట్టీ చిన్నదైతే బీపీ లేనివాళ్లకీ ఉన్నట్టు చూపిస్తుంది. లావు చేతికి మామూలు పట్టీ చుట్టడం అందరూ చేసే తప్పు. సన్నటి చేతికి పెద్ద పట్టీ చుట్టి తక్కువ చూపించడం మా దగ్గర ఎక్కువగా జరిగింది. అరగంట ముందు నుంచి టీ, చుట్ట లేకుండా, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టి, నిమిషం ఎడంతో మూడుసార్లు చూసి, మొదటిది వదిలేసి మిగతా రెండింటి సగటు తీసుకున్నాం. ఆ అయిదు నిమిషాల మౌనం పల్లెలో దొరకడం చాలా కష్టం. పక్కింటివాళ్లు వచ్చి "ఎంతొచ్చిందేటి?" అంటూనే ఉంటారు. ఒక మనిషిని కేవలం వచ్చేవాళ్లను వాకిట్లోనే ఆపడానికి పెట్టాం.

అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో జనమే పరీక్షల కోసం కట్టిన ట్రైలర్ బళ్ల దగ్గరికి వస్తారు. గదిలో చల్లదనం, వెలుతురు, కుర్చీ అన్నీ ఒకేలా ఉంటాయి. మా అంకె వచ్చేది అరుగు మీద. ఈ రెండు అంకెలూ ఒకే పట్టికలో పక్కపక్కన కూర్చోవాలంటే ఆ తేడా పూడ్చే పని అరుగు మీదే జరగాలి, తర్వాత కంప్యూటర్ దగ్గర కూర్చుని ఎవరూ దాన్ని సరిచేయలేరు. శిక్షణలో రోజూ ఇదే చెప్పాను.

నవంబరు 2023లో ఊళ్లలోకి వెళ్లాం. ఇళ్ల జాబితా రాసుకుని, లాటరీ పద్ధతిలో ఇంటికొక మనిషిని ఎంచుకున్నాం. పేరు వచ్చిన మనిషి ఇంట్లో లేడని పక్కింటి మనిషిని తీసుకోకూడదు. ఈ నిబంధన పాటించడం చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే పక్కింటాయన "నాకూ చూడండి బాబూ" అని చేయి చాపి నిలబడతాడు. అలాంటివాళ్లకు బీపీ చూసి విడి పుస్తకంలో రాశాం, సర్వేలో కలపలేదు. మగవాళ్లు దొరకకపోవడం అసలు సమస్య. హైదరాబాదు, చెన్నై కూలిపనులకూ, గుజరాత్ రేవుల్లో బోట్ల మీదికీ వెళ్లిపోయి ఉంటారు. ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లాం, వేర్వేరు వేళల్లో. కష్టమైన పనికి బయటికి వెళ్లిన మగవాళ్లే లెక్కలోంచి తప్పిపోతే, ఏ జబ్బు కోసం వెతుకుతున్నామో ఆ జబ్బున్న మనుషులే కనపడకుండా పోతారు. సంక్రాంతికి ఊరొస్తారని జనవరి 10 నుంచి 20 దాకా సెలవులు రద్దు చేసి రక్తం తీశాం. ఆ పది రోజుల్లో దొరికినంత మంది మగవాళ్లు అంతకుముందు నెలంతా దొరకలేదు. బృందంలో అందరూ పండగ వదులుకున్నారు. వాళ్లకు అదనపు బత్తా బడ్జెట్‌లో ముందే రాసి ఉండాల్సింది, రాయలేదు.

అంగీకార పత్రం ఇంగ్లీషులో 7 పేజీలు, తెలుగులో 11 అయింది. చదివి వినిపించడానికి 25 నిమిషాలు. వేలిముద్ర వేసేవాళ్ల తరఫున సాక్షి మా బృందం మనిషి కాకూడదు. ఎక్కువమంది అడిగింది పింఛను గురించి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి ప్రభుత్వం నెలకు 10,000 రూపాయలు ఇస్తుంది. మా రిపోర్టు దానికి పనికొస్తుందని ఆశతో వచ్చినవాళ్లున్నారు. పనికిరాదని సూది గుచ్చకముందే చెప్పాలి. చెప్పాక కొందరు లేచి వెళ్లిపోయారు, అది వాళ్ల హక్కు.

రక్తం తీసేది పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా. కూలికి వెళ్లేవాళ్లు ఇంకా ముందే బయల్దేరతారు కాబట్టి కొన్ని ఊళ్లలో అయిదున్నరకే, టార్చ్ వెలుగులో. ముందు సీరం కోసం పసుపు మూత గొట్టం 5 మిల్లీలీటర్లు, తర్వాత ఊదా మూత 2, చివర్లో షుగర్ కోసం బూడిద రంగు మూత 2. ఈ వరస తప్పితే ఒక గొట్టంలోని రసాయనం సూది ద్వారా ఇంకోదాంట్లోకి చేరి ఫలితం చెడిపోతుంది. మొత్తం తొమ్మిది మిల్లీలీటర్లు, రెండు చిన్న చెంచాలు. మాటతో చెప్తే ఎవరూ నమ్మలేదు. చెంచాతో నీళ్లు పోసి చూపిస్తే నమ్మారు.

బూడిద మూత గొట్టంలో ఫ్లోరైడ్ ఉంది కదా, షుగర్ పడిపోదు అని చాలామంది అనుకుంటారు. ఫ్లోరైడ్ వెంటనే పనిచేయదు, మొదటి గంటా రెండు గంటలు రక్తకణాలు చక్కెర తింటూనే ఉంటాయి. వెంటనే చల్లబెట్టాల్సిందే. అలాగని గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌ని గొట్టానికి నేరుగా ఆనిస్తే కణాలు పగిలి ప్లాస్మా ఎర్రగా అవుతుంది. డిసెంబరులో ఒకరోజు అలా పదకొండు నమూనాలు పోయాయి. ప్యాక్ మీద చెమట పట్టేదాకా బయట ఉంచి, మధ్యలో అట్టముక్క పెట్టడం ఆ తర్వాత మొదలైంది. సీరం గొట్టం మాత్రం ఐస్‌లో పెట్టకూడదు, అరగంట నిలువుగా నిలబెట్టి గడ్డ కట్టనివ్వాలి. ఆ తర్వాత సీరం వేరుపడేలా గొట్టాన్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు. మధ్యలో కరెంటు పోతే జెల్ ఉన్న గొట్టాన్ని మళ్లీ తిప్పకూడదు. జెల్ కింద మిగిలిన ద్రవం పైకి కలిసి పొటాషియం వంటి విలువలు తప్పు వస్తాయి. సోంపేటలో అద్దెకు తీసుకున్న ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాం, బ్యాటరీతో కలిపి 31,000 అయింది. బడ్జెట్‌లో అదీ లేదు.

వారానికోసారి నమూనాలను విశాఖ ల్యాబ్‌కి డ్రై ఐస్‌లో, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో పెట్టి పంపాం. డ్రై ఐస్ పెట్టె మూత గాలి చొరకుండా టేపు వేయకూడదు, లోపల గ్యాస్ పెరిగి పెట్టె పగులుతుంది. కారు అద్దం కొంచెం దించి ఉంచాలి, లేకపోతే డ్రైవర్‌కి ఊపిరాడదు. బండికి రోజుకు 2,400 అద్దె, డీజిల్ విడిగా. మామూలు లేబుళ్లు చలికి ఊడిపోతాయి, ఫ్రీజర్ లేబుళ్లే కావాలి. అవీ గొట్టం ఒంటికే అతికించాలి, మూతకి కాదు.

ఫిబ్రవరిలో మొదటి విడత ఫలితాలు వచ్చాయి. కొన్ని గొట్టాల్లో ఒకే మనిషి రక్తాన్ని వేరే నంబరుతో రెండోసారి పంపించాం, ల్యాబ్‌కి చెప్పకుండా. ఆ జంటలు కలవలేదు. కారణం తేలడానికి మూడు వారాలు పట్టింది. ల్యాబ్‌లో రెండు మెషిన్లున్నాయి, ఒకటి ఎంజైమ్ పద్ధతి, ఇంకొకటి పాత జాఫే పద్ధతి. రద్దీ ఉన్న రోజుల్లో మావి జాఫే మెషిన్ మీద పెట్టారు. జాఫే పద్ధతి రక్తంలోని ఇతర పదార్థాలను కూడా కొంత క్రియాటినిన్‌గా లెక్కేస్తుంది. పెద్ద అంకెల దగ్గర ఆ తేడా అంత పట్టదు. 1.1, 1.2 దగ్గర మాత్రం మనిషిని జబ్బు గీత అవతలికి తోసేస్తుంది. మొదటి విడతంతా ఎంజైమ్ పద్ధతిలో మళ్లీ చేయించాం. సగం సీరం వేరే గొట్టంలో దాచి ఉంచడం వల్లే అది కుదిరింది. దాచకపోయి ఉంటే రెండు నెలల పని పోయేది.

ఇంకో మెలిక ఉంది. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. బక్కపలచని మనిషికి కిడ్నీ సగం దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనపడుతుంది. ధనిక దేశాల్లో, అక్కడి శరీరాల మీద కట్టిన సూత్రం మన కూలిమనిషికి వేస్తే ఆరోగ్యంగా ఉన్నాడని చెప్పే ప్రమాదం ఉంది. అందుకే కండతో అంతగా సంబంధం లేని ఇంకో రక్త పరీక్ష, సిస్టాటిన్ సి, కొందరికి చేయించాం, ఖరీదు చాలా ఎక్కువ కాబట్టి అందరికీ కాదు. మూత్రం స్ట్రిప్పుతో జల్లెడ పట్టేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, స్ట్రిప్పు రంగు మారదు. వాపులు కూడా ఆలస్యంగా వస్తాయి.

ఫలితాల ఉత్తరం నమూనా విదేశాల నుంచి వచ్చింది. "ఈ ఉత్తరంతో మీ కుటుంబ వైద్యుణ్ణి కలవండి" అని ఒక వాక్యం. ఇక్కడ కుటుంబ వైద్యుడు ఎవరికున్నారు? ఆ వాక్యం చదివి చాలాసేపు కూర్చున్నాం. 2014లో ప్యూర్ అధ్యయనం 17 దేశాల లెక్కలతో చెప్పింది కూడా ఇదే. గుండె జబ్బుకి దారితీసే కారణాలు పేద దేశాల్లో తక్కువే ఉన్నా, చావులు అక్కడే ఎక్కువ. తేడా ఎక్కువగా జబ్బు బయటపడ్డాక ఏం జరుగుతుందన్న దగ్గరే. ఆ వాక్యం తీసేసి ఏ ఆసుపత్రి, ఏ వారం, ఏ గది, ఏ ఊరి నుంచి ఏ బస్సు, వెంట ఏ కాగితాలు అన్నది ఊరూరికీ వేరుగా అచ్చు వేయించాం. బీపీ 180/110 దాటినవాళ్లను ఆ రోజే మా బండిలో పంపించాం.

కవిటి మండలంలో ఒక ఇంటికి కార్డు పట్టుకెళ్లినప్పుడు ఆవిడ జీడిగింజలు కొడుతోంది. ముప్పై ఎనిమిదేళ్లు, క్రియాటినిన్ 2.4. కార్డు తెరవకముందే నా మొహం చూసి "కిడ్నీ వచ్చీసిందేటి బాబూ?" అంది. ఒక్క పరీక్షతో చెప్పలేమమ్మా, మూడు నెలలు దాటాక మళ్లీ చూసి అప్పుడు కూడా ఇలాగే ఉంటేనే అని చెప్పాను. అది వైద్యపరంగా నిజం. కానీ ఆ మూడు నెలలు ఆవిడ ఎలా గడుపుతుందన్నదానికి నియమావళిలో ఏమీ రాసి లేదు. నొప్పి మాత్రలు మానేయమని, ఆసుపత్రిలో ఎప్పుడు కనపడాలో చెప్పి, ఆశా కార్యకర్త నంబరు కార్డు మీద రాసి ఇచ్చాను. వాకిలి దాటాక కాసేపు బండి ఎక్కలేకపోయాను. ఫలితాలు చెప్పే పనికి ఇద్దరిని కలిపి పంపండి, ఒక్కరిని పంపకండి. శిక్షణలో ఒక రోజంతా దీనికి కేటాయించండి. మేం రెండు గంటలే ఇచ్చాం.

మళ్లీ పరీక్షలు మే నెలలో పెట్టుకున్నాం. ఎన్నికల కోడ్ వచ్చింది, మే 13 పోలింగ్. జనాన్ని ఒకచోట చేర్చడానికి అనుమతి అడిగితే ఆగమన్నారు. జూన్ చివరికి జరిగింది. ఒకందుకు మంచిదే అయింది. మే ఎండల్లో ఒంట్లో నీళ్లు తగ్గి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగే వాళ్లుంటారు, మొదటి విడత చలికాలంలో తీశాం కాబట్టి పోలిక చెడేది. రెండోసారి కొందరికి అంకె మామూలుకి దిగింది. ఆవిడకి 2.5 వచ్చింది. పలాస కిడ్నీ ఆసుపత్రికి మొదటిసారి ఆశా కార్యకర్తను తోడిచ్చి పంపించాం.

రెండో విడత కార్డులు ఆగస్టు ఆఖరుకల్లా పంచేశాం. పదమూడు మిగిలాయి. ఇళ్లకు తాళాలు, ఫోన్లు కలవవు. తొమ్మిది మంది గుజరాత్ బోట్ల మీద ఉన్నారని ఇరుగుపొరుగు చెప్పారు. కవర్లు అంటించి, పైన పేరు మాత్రమే రాసి, ఆయా ఊళ్ల ఏఎన్ఎంల దగ్గర సంతకం తీసుకుని ఇచ్చాం, సంక్రాంతికి వచ్చినప్పుడు చేతికి అందించమని. జనవరి 16న నేనూ వెళ్తున్నాను.